ఢిల్లీ లేఖ: సొంతదారులు లేని బంగళాలు

ఢిల్లీలో అధికారం చేతులు మారినదీ లేనిదీ తెలుసుకోవడానికి పత్రికలే చదవనక్కరలేదు. సార్వత్రిక ఎన్నికలు ముగిసిన నెల రోజులకు అక్బర్ రోడ్డు, తుగ్లక్ రోడ్డు, ఫిరోజ్ షా రోడ్డు వెంట ఒక ఉదయం నడిచి వస్తే చాలును. ఒక గేటులోకి లారీ వెళుతుంటుంది. పక్క గేటులో నుంచి మరొక లారీ బయటకు వస్తుంటుంది. వెళ్ళేదాని నిండా సోఫాలు, బీరువాలు, దేవుని పటాలు, పూలకుండీలు. వచ్చేదాని నిండా కూడా అవే. 2024 జూన్‌లో పద్ధెనిమిదవ లోక్‌సభ ఏర్పడిన తరువాత నేను ఈ దృశ్యాన్ని మరొకసారి చూశాను. అది నేరేడుపళ్ళ కాలం. రోడ్ల పక్క నేలంతా ఊదారంగు పులుముకొని ఉన్నది. పురపాలక సంఘం వద్ద వేలం పాడుకొన్నవారు కింద దుప్పట్లు పరచి కొమ్మలు దులుపుతున్నారు. ఇక్కడ చెట్టు ప్రభుత్వానిది, పండు పాటదారుది, ఇల్లు ఎవరు గెలిస్తే వారిది.

ఒక బంగళా గేటు దగ్గర వృద్ధుడైన తోటమాలి కనిపిస్తే మాట కలిపాను. ఎందరు సాహెబులను చూశావని అడిగాను. వేళ్ళ మీద లెక్కపెట్టి, తొమ్మిది మంది అన్నాడు. అందరూ వచ్చీ రాగానే గోడలకు రంగు మార్చమన్నారట. ఒకాయన మాత్రం గులాబీలు పీకించి, ఏదో పుల్లటి ఆకుకూర వేయించాడట. “ఆయన మద్రాసీ” అన్నాడు. ఆ ‘మద్రాసీ’ ఏ జిల్లావాడై ఉంటాడో తెలుగు పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

ఈ పేటను ల్యూటెన్స్ ఢిల్లీ అంటారు. ఇటీవలి సంవత్సరాలలో ఆ మాట రాజకీయ వేదికల మీద ఒక తిట్టుగా కూడా స్థిరపడింది. తిట్టేవారిలో చాలామంది అక్కడే నివసిస్తున్నారన్నది వేరే సంగతి. సుమారు 2,800 హెక్టార్ల విస్తీర్ణం. దాదాపు వెయ్యి బంగళాలు. వాటిలో ప్రైవేటు వ్యక్తుల చేతిలో ఉన్నవి వందకు లోపే. తక్కినవన్నీ ప్రభుత్వానివి. కనుక దేశంలో ఇంత గౌరవప్రతిష్ఠలు కలిగిన పేటలో నివసించేవారిలో అత్యధికులు ఆ ఇంటికి యజమానులు కారు. బొంబాయి మలబార్ హిల్‌లోనైనా, హైదరాబాదు బంజారాహిల్స్‌లోనైనా డబ్బున్నవాడు ఇల్లు కొనుక్కోగలడు. ఇక్కడ డబ్బు చాలదు, పదవి కావాలి. పదవి పోయిన నాడు ఇల్లు పోవాలి. ఆ రెండవ షరతు దగ్గరనే మన ప్రజాస్వామ్యం తరచుగా తొట్రుపడుతున్నది.

దీని పుట్టుక కొంచెం చెప్పుకోవాలి. 1911 డిసెంబరు 12న ఢిల్లీ దర్బారులో అయిదవ జార్జి చక్రవర్తి రాజధానిని కలకత్తా నుంచి ఇక్కడికి మార్చుతున్నట్లు ప్రకటించాడు. మూడు రోజుల తరువాత దర్బారు విడిదిలోనే శంకుస్థాపన జరిగింది. ఆ స్థలం నగరానికి ఉత్తరాన, యమున వరదలకు అందుబాటులో ఉన్న పల్లపు నేల. పనికిరాదని తేలడంతో పునాదిరాళ్ళను తరువాత పెకలించి దక్షిణాన రైసినా గుట్టకు తెచ్చారు. 1912లో వచ్చిన పట్టణ ప్రణాళికా సంఘంలో ఎడ్విన్ ల్యూటెన్స్ సభ్యుడు. వైస్రాయి భవనం ఆయన కట్టాడు. సచివాలయాలను, 1927లో ప్రారంభమైన పార్లమెంటు భవనాన్ని హెర్బర్ట్ బేకర్ కట్టాడు. గుట్ట ఎక్కే దారి వాలు విషయంలో ఇద్దరికీ వచ్చిన తగాదా ప్రసిద్ధమైనదే. దారి కింద నుంచి చూస్తే వైస్రాయి భవనం మరుగున పడిపోతుందని ల్యూటెన్స్ చివరిదాకా వాపోయాడు. బంగళాలలో ఎక్కువ భాగం ఆయన గీసినవి కావు. కన్నాట్ ప్లేసును కట్టిన రాబర్ట్ టోర్ రసెల్, ప్రజాపనుల శాఖలోని ఇతర వాస్తుశిల్పులు వాటిని రూపొందించారు. పేరు మాత్రం ల్యూటెన్స్‌కు దక్కింది. కీర్తి పంపకంలో ఇటువంటి అన్యాయాలు కొత్తవి కావు.

పెద్ద అన్యాయం మరొకటి ఉన్నది. రైసినా ఒక గుట్ట పేరు మాత్రమే కాదు, ఒక పల్లె పేరు. అలాగే మాల్చా, అలాగే తాల్కటోరా, కుశక్. 1894 నాటి భూసేకరణ చట్టం కింద ఆ రైతుల పొలాలు తీసుకొన్నారు. మాల్చా నుంచి లేచిపోయిన కుటుంబాలలో కొన్ని సోనీపత్ దగ్గర హర్సానా అనే గ్రామంలో స్థిరపడ్డాయి. తమ తాతలకు నష్టపరిహారం సక్రమంగా అందలేదంటూ వారి వారసులు శతాబ్దం గడచిన తరువాత కూడా న్యాయస్థానం మెట్లెక్కారు. వారు పోగొట్టుకొన్న ఊరి పేరు నేడు దౌత్యవేత్తలు కాపురముండే ఒక ఖరీదైన వీధికి మిగిలి ఉన్నది. రాళ్ళు చెక్కినవారు, మట్టి మోసినవారు రాజస్థాన్ నుంచీ చుట్టుపట్ల పల్లెల నుంచీ వచ్చిన కూలీలు. కాంట్రాక్టర్లలో శోభాసింగ్ వంటి వారు అనంతర కాలంలో ఢిల్లీలో మహా ధనికులయ్యారు. కూలీల పేర్లు ఏ ఫలకం మీదా లేవు.

ఈ పేట పటాన్ని తీసుకొని చూస్తే ప్రభుత్వోద్యోగుల జాబితాను నేల మీద పరచినట్లు ఉంటుంది. ఎవరి ఇల్లు వైస్రాయి భవనానికి ఎంత దూరంలో ఉండాలో, ఎన్ని ఎకరాల తోట ఉండాలో, సేవకుల గదులు ఎన్ని ఉండాలో అన్నీ హోదాను బట్టి నిర్ణయమయ్యాయి. పెద్ద అధికారులు గుట్టకు దక్షిణాన, తూర్పున. భారతీయ గుమాస్తాలు, బంట్రోతులు ఉత్తరాన గోల్ మార్కెట్ వైపు. సంస్థానాధీశులకు రాజమార్గపు ఆ చివర, ఇండియా గేటు చుట్టూ స్థలాలు. మన నిజాం నవాబుకు కూడా అక్కడే. ఆయనకు ల్యూటెన్స్ స్వయంగా గీసి ఇచ్చిన, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్లుండే హైదరాబాద్ హౌస్ 1928లో పూర్తయింది. లోకంలో కెల్లా ధనికుడని పేరొందిన మహారాజు సైతం దొరవారి ఇంటికి ఎంత దూరంలో ఉండాలో దొరవారే నిర్ణయించారు. నేడు అక్కడ విదేశాంగ శాఖ విందులు జరుగుతున్నవి.

1931 ఫిబ్రవరిలో కొత్త రాజధానికి ప్రారంభోత్సవం చేశారు. సరిగ్గా ఆ రోజులలోనే గాంధీజీ ఇర్విన్‌తో చర్చలకు ఆ భవనం మెట్లెక్కారు. చర్చిల్‌కు అది కంటగింపయి అర్ధనగ్న ఫకీరు అని ఈసడించాడు. అదే సంవత్సరం మార్చిలో కరాచీ కాంగ్రెస్ ఒక తీర్మానం చేసింది: స్వతంత్ర భారతంలో ఎంతటి ప్రభుత్వోద్యోగికైనా నెలకు 500 రూపాయలకు మించి జీతం ఉండరాదని. కోట కట్టి తలుపులు తెరిచిన నెలలోనే దానిలో నివసించబోయేవారు నిరాడంబరత్వానికి ప్రమాణం చేశారన్నమాట. పదహారు సంవత్సరాలకు దొరలు వెళ్ళిపోయారు. కోట మిగిలింది. ప్రమాణం సంగతి పాఠకులకు తెలుసును.

అందరినీ ఒకే గాట కట్టడం న్యాయం కాదు. రాజాజీ గవర్నర్ జనరల్ అయినప్పుడు వైస్రాయి పడకగది తనకు మరీ గొప్పదని అతిథుల విభాగంలోని చిన్న గదులలోకి మారారు. నీలం సంజీవరెడ్డి గారు 1977లో రాష్ట్రపతి పదవి చేపట్టిన కొద్ది రోజులకే తన జీతంలో 70 శాతం వదులుకొంటున్నట్లు, చిన్న ఇంటికి మారదలచినట్లు ప్రకటించారు. రాష్ట్రపతి నివాసం మాత్రం ఇప్పటికీ ఆ 340 గదులలోనే ఉన్నది. డాక్టర్ అంబేద్కర్ 1951లో మంత్రిపదవికి రాజీనామా చేసి ప్రభుత్వ బంగళా విడిచి, పాత ఢిల్లీకి ఉత్తరాన ఉన్న అలీపూర్ రోడ్డులోని 26వ నంబరు ఇంటికి మారారు. 1956 డిసెంబరు 6న ఆయన కన్నుమూసింది అక్కడనే. పదవి పోతే ఇల్లు విడవాలన్నది అంత కష్టమైన సూత్రం కాదని చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలును.

దీనికి విరుద్ధమైన ఆనవాయితీకి బీజం 1964లో పడింది. అప్పటికి పదహారు సంవత్సరాలుగా నెహ్రూ నివసించిన తీన్‌మూర్తి భవనం, అంతకుముందు బ్రిటిష్ సర్వసేనాని నివాసం, ఆయన మరణానంతరం స్మారక ప్రదర్శనశాల అయింది. నెహ్రూ విషయంలో దానిని ఆక్షేపించేవారు తక్కువ. 1948 జనవరి 30న గాంధీజీ నేలకొరిగిన బిర్లా భవనం గురించి, 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీ రక్తం చిందిన సఫ్దర్‌జంగ్ రోడ్డు 1వ నంబరు గురించి కూడా చరిత్ర తెలిసినవారెవరూ పేచీ పెట్టరు. కాని దారి ఒకసారి ఏర్పడితే దాని మీద ఎవరైనా నడవవచ్చు. తండ్రి కాపురమున్న ఇల్లు కొడుకుకు, నాయకుడున్న ఇల్లు ట్రస్టుకు అన్న కోరికలు బయలుదేరాయి. జీవించి ఉన్నవారికే చాలని పేటలో గతించినవారు కూడా ఎకరాల కొద్దీ స్థలం అడగడం మొదలైంది. ఇకపై బంగళాలను స్మారకాలుగా మార్చరాదని కేంద్రం 2000లో నిర్ణయించింది. ఆ తరువాత మినహాయింపులు వచ్చాయి. 2013 జులైలో సుప్రీంకోర్టు అదే మాట గట్టిగా చెప్పింది. 2014లో ఒక మాజీ మంత్రి ఖాళీ చేయవలసిన తుగ్లక్ రోడ్డు బంగళాను ఆయన తండ్రి చరణ్‌సింగ్ స్మారకం చేయాలంటూ ఆందోళన చెలరేగినప్పుడు, అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం నిషేధాన్ని పునరుద్ఘాటించింది. 2018లో వాజపేయి గారు మరణించినప్పుడు ఆయన నివసించిన కృష్ణమీనన్ మార్గ్ ఇల్లు స్మారకం కాలేదు. ఇది మెచ్చుకోదగినది. కాని ఒక మంత్రివర్గం చేసిన నిర్ణయాన్ని మరొక మంత్రివర్గం మార్చగలదు. నిషేధం చట్టంగా రానంత వరకు దాని మీద నాకు పూర్తి విశ్వాసం కలగదు.

ఈ పేట చరిత్రలో తెలుగువారికి ఒక ఘట్టమున్నది. దానిని తలచుకోకుండా ఆ వీధులలో నడవడం నాకు సాధ్యం కాదు. 1978 జనవరిలో కాంగ్రెస్ చీలిపోయింది. అధికారం పోయిన ఇందిరాగాంధీకి, ఆమె వెంట నిలిచిన కొద్దిమందికి కార్యాలయానికి చోటు కూడా లేదు. అప్పుడు తెలంగాణ నుంచి ఎన్నికైన లోక్‌సభ సభ్యుడు జి. వెంకటస్వామి గారు తనకు కేటాయించిన 24, అక్బర్ రోడ్డు బంగళాను ఇచ్చారు. 1960లలో బర్మా రాయబారి నివాసముగా ఉన్నప్పుడు ఆంగ్ సాన్ సూచీ బాలికగా తిరుగాడిన ఇల్లే అది. పార్లమెంటు సభ్యుని నివాసంగా ఇచ్చిన ఆ ఇల్లు నాలుగు దశాబ్దాలకు పైగా దేశంలోని అతి పాత పార్టీకి ప్రధాన కార్యాలయమయింది. ఆ పార్టీ 2025 జనవరిలో గాని కోట్లా రోడ్డులోని తన సొంత భవనానికి వెళ్ళలేదు.

అక్బర్ రోడ్డుకు ఎంతో దూరంలో లేదు మోతీలాల్ నెహ్రూ మార్గ్. అక్కడ 9వ నంబరు ఇంట్లో పి.వి. నరసింహారావు గారు ఉండేవారు. 1991లో ఎన్నికలలో పోటీ చేయకుండా, పుస్తకాలు సర్దుకొని హైదరాబాదు వెళ్ళిపోవడానికి సిద్ధమైన మనిషిని రాజకీయం వెనక్కు పిలిచి ప్రధానమంత్రిని చేసింది. 1996లో పదవి దిగిన తరువాత మళ్ళీ ఆ ఇంటికే వచ్చారు. కోర్టు కేసుల మధ్య, పుస్తకాల మధ్య అక్కడే గడిపి, 2004 డిసెంబరు 23న మరణించారు. ఆ మరునాడు ఆయన భౌతికకాయాన్ని మోసుకొన్న శకటం విమానాశ్రయానికి వెళ్ళే దారిలో 24, అక్బర్ రోడ్డు ముందు ఆగింది. గేటు తెరుచుకోలేదు. పార్టీకి అధ్యక్షుడుగా ఉన్నవానిని, దేశానికి అయిదేళ్ళు ప్రధానిగా ఉన్నవానిని ఆ గుమ్మం లోపలికి రానివ్వలేదు. అంత్యక్రియలు హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగాయి. ఢిల్లీలో ఆయనకు స్మారకఘట్టం 2015లో, భారతరత్న 2024లో వచ్చాయి. పి.వి. రాజకీయాలపై, ముఖ్యంగా 1992 డిసెంబరు 6 నాటి ఆయన నిష్క్రియత్వంపై, నాకు తీవ్రమైన అభిప్రాయభేదాలు ఉన్నవి. అయినా ఒక తెలుగువాడు విడిచి ఇచ్చిన ఇంటి గేటు మరొక తెలుగువాని శవానికి మూసుకొన్నదన్న విషయం మనసులో నుంచి పోదు. ఈ పేటలో గుమ్మాలు మనిషికి తెరుచుకోవు. అతని చేతిలో ఆ రోజు ఉన్న అధికారానికి తెరుచుకొంటాయి.

హైదరాబాద్ హౌస్‌కు ఆనుకొనే ఆంధ్రప్రదేశ్ భవన్ ఉన్నది. 1984 ఆగస్టులో పదవీచ్యుతుడైన ఎన్.టి. రామారావు గారు శాసనసభ్యులను వెంటబెట్టుకొని రైలులో ఢిల్లీ వచ్చి, చక్రాల కుర్చీలో రాష్ట్రపతి భవన్‌కు వెళ్ళి తన బలం చూపించారు. దేశమంతా ఆ దృశ్యాన్ని చూసింది; నెల తిరగకుండా ఆయన మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ పేటలోని వీధులు తెలుగువాడి ఆత్మగౌరవానికి ఉపయోగపడిన సందర్భం అది. రాష్ట్రం రెండైన తరువాత ఇరవై ఎకరాలకు కొంచెం తక్కువైన ఆ స్థలాన్ని పంచుకోవడానికి అన్నదమ్ములకు దాదాపు పదేళ్ళు పట్టింది. 2024 మార్చిలో గాని ఆంధ్రకు పదకొండున్నర ఎకరాలు, తెలంగాణకు ఎనిమిదింబావు అని తేలలేదు. భవన్ క్యాంటీన్‌లో పప్పు, పచ్చడి కోసం పంజాబీలు వరుసలో నిలబడి ఉండగా ఎవరి వాటా ఎంతని మనం ఫైళ్ళు నడిపించాము.

ఇక అసలు విషయం. ఈ పేటను పాలించేది న్యూఢిల్లీ పురపాలక మండలి. దాని పరిధి సుమారు 43 చదరపు కిలోమీటర్లు. 1994 చట్టం ప్రకారం దాని అధ్యక్షుని కేంద్రం నియమిస్తుంది. ఆ ప్రాంతపు పార్లమెంటు సభ్యుడు, శాసనసభ్యులు అందులో కూర్చుంటారు గాని, పౌరులు వార్డుల వారీగా ఎన్నుకొనే సభ్యులు ఎవరూ లేరు. దేశంలో ప్రతి మునిసిపాలిటీకి ఎన్నికలు ఉండాలని శాసించేవారు కాపురముండే ఊరికి మాత్రం మునిసిపల్ ఎన్నికలు లేవు. జనసంఖ్య చూడండి. 2001 నుంచి 2011 వరకు పదేళ్ళలో ఢిల్లీ జనాభా కోటీ ముప్పై ఎనిమిది లక్షల నుంచి కోటీ అరవై ఎనిమిది లక్షలకు పెరిగింది. అదే పదేళ్ళలో ఈ మండలి పరిధిలో మూడు లక్షలకు పైగా ఉన్న జనం రెండు లక్షల యాభై ఏడు వేలకు తగ్గారు. ఊరంతా ఇరుకై ఊపిరాడకపోతుంటే నడిబొడ్డున మనుషులు తగ్గుతున్నారు. తగ్గినవారు మంత్రులు కారని వేరే చెప్పాలా?

1976 ఏప్రిల్‌లో, ఎమర్జెన్సీ చీకటిలో, తుర్క్‌మన్ గేటు దగ్గర తరతరాల ఇళ్ళను బుల్‌డోజర్లు కూల్చాయి. 2004లో యమునా పుస్తా నుంచి వేలాది కుటుంబాలను లేపి ఎక్కడో బవానా పొలిమేరలకు తరలించారు. వారు కూడా ప్రభుత్వ భూమి మీద ఉన్నవారే. వారిని కూడా అనధికార నివాసులనే అన్నారు. గుడిసెవానికి ఒక ఉదయం చాలింది. బంగళావాసికి మాత్రం నోటీసు, సంజాయిషీ, గడువు, వైద్యుని సర్టిఫికెట్టు, పిల్లల పరీక్షలు, హైకోర్టు స్టే. నియమం ప్రకారం మాజీ సభ్యుడు నెల రోజులలో వెళ్ళాలి. 1971 చట్టాన్ని 2019లో సవరించి, సంజాయిషీకి మూడు రోజులే గడువన్నారు. పరిస్థితి కొంత మెరుగుపడింది, కాదనను. అయితే ప్రత్యర్థి పార్టీవారి విషయంలో కనబడే చురుకుదనం స్వపక్షం వారి విషయంలో కూడా అంతే ఉన్నదా అన్న సందేహం ఢిల్లీలో ఎవరినడిగినా వినిపిస్తుంది.

ఈ బంగళాలను కూల్చి ఆకాశహర్మ్యాలు లేపాలని నేననను. ఆ వేపచెట్లు, ఆ నేరేడుచెట్లు, ఆ చింతలు లేకపోతే ఢిల్లీ మరింత ఉక్కిరిబిక్కిరి అవుతుంది. 1988లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం ఇక్కడ ఎత్తయిన కట్టడాలపై ఆంక్షలు విధించడం మంచి పని. ఆ ఆంక్షలను సడలించాలని బిల్డర్లు చేస్తున్న ఒత్తిడి వెనుక పేదల ఇళ్ళ మీద ప్రేమ లేదు. కాని చెట్టు నీడను కాపాడడం వేరు, హోదా నీడను కాపాడడం వేరు. రోడ్ల పేర్లు మార్చడంలో మనవారికి ఉన్న ఉత్సాహం చెప్పనలవి కాదు. కింగ్స్‌వే రాజ్‌పథ్ అయింది. రాజ్‌పథ్ 2022లో కర్తవ్య పథ్ అయింది. ఔరంగజేబ్ రోడ్డు 2015లో అబ్దుల్ కలాం రోడ్డు, రేస్ కోర్స్ రోడ్డు 2016లో లోక్ కల్యాణ్ మార్గ్ అయ్యాయి. ఎవరికి ఎన్నవ తరగతి బంగళా, గుట్టకు ఎంత దగ్గరగా, అన్న లెక్క మాత్రం 1912 నాటిదే.

ఆ తోటమాలిని చివరకు ఒక ప్రశ్న అడిగాను: నీ ఇల్లెక్కడ అని. బంగళా వెనుక, గోడకానుకొని ఉన్న సేవకుల గదుల వైపు చూపించాడు. ఒక గది, ముందు రేకుల పంచ. తండ్రి కాలం నుంచి అక్కడే ఉంటున్నారట. కాగితమేమైనా ఉన్నదా అంటే నవ్వాడు. సాహెబు ఉండమన్నంత కాలం ఉంటాము, కొత్త సాహెబు ఎలాంటివారో ఇంకా తెలియదు అన్నాడు.

మేము మాట్లాడుతుండగానే గేటు స్తంభం దగ్గర పెయింటరు పాత పేరు మీద తెల్లరంగు పూయడం ముగించాడు. కింది అక్షరాలు ఇంకా లీలగా కనిపిస్తున్నాయి. ఎండిన తరువాత రేపు మరొక పూత వేస్తానని, కొత్త పేరు వ్రాసిన కాగితం ఇంకా తన చేతికి రాలేదని చెప్పి, డబ్బా మూత బిగించుకొని సైకిలెక్కాడు.